జంగారెడ్డిగూడెం పేరుతో ఒక పరీక్ష

జంగారెడ్డిగూడెంలో ఒక విత్తనాల కొట్టుకో, ప్రైవేటు స్కూలుకో, స్థానిక వార్తలు రాసే కుర్రాళ్లకో వెబ్‌సైట్ కావాలంటే ఇవాళ ఎవరూ కూర్చుని మొదటి నుంచీ కోడ్ రాయరు. వర్డ్‌ప్రెస్ ఎక్కించి, కావలసిన ప్లగిన్లు తగిలిస్తారు. అడ్మిషన్ ఫారానికి ఒకటి, ఫొటోలకు ఒకటి, డబ్బు కట్టించుకోవడానికి ఇంకొకటి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. దాని అధికారిక డైరెక్టరీలో ఉచితంగా దొరికే ప్లగిన్లే 50 వేలు దాటాయి. ఒకే పనికి పదుల కొద్దీ ఉంటాయి. ఏది తీసుకోవాలంటే స్టార్లు ఎక్కువున్నది తీసుకొమ్మంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ప్లగిన్ ఎలా పుట్టింది, లోపల ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నది తెలిస్తే ఎంపిక వేరుగా ఉంటుంది.

వర్డ్‌ప్రెస్‌కు ముందు బీ2 అనే ప్రోగ్రామ్ ఉండేది. 2001లో మిషెల్ వాల్డ్రిగీ దాన్ని మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు అతను ఆ పని ఆపేశాడు. అప్పటికే దాన్ని వాడుకుంటున్న మ్యాట్ ముల్లెన్‌వెగ్ అమెరికాలో 19 ఏళ్ల కుర్రాడు. మైక్ లిటిల్ ఇంగ్లండులో ప్రోగ్రామర్. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చునని చెప్పే జీపీఎల్ లైసెన్సు కింద బీ2 విడుదలైంది కాబట్టి, వీళ్లిద్దరూ ఆ కోడ్‌నే ముందుకు తీసుకెళ్లి 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తొలి వెర్షన్ విడుదల చేశారు.

అప్పట్లో సైట్‌కు కొత్త సదుపాయం కావాలంటే అసలు ఫైళ్లు తెరిచి మధ్యలో నాలుగు లైన్లు ఇరికించాల్సిందే. కొత్త వెర్షన్ ఎక్కించగానే ఆ లైన్లు తుడిచిపెట్టుకుపోయేవి. మళ్లీ వెతికి, మళ్లీ ఇరికించాలి. ఆ బాధ భరించలేక చాలామంది పాత వెర్షన్‌తోనే నెట్టుకొచ్చేవారు. 2004 మేలో వచ్చిన 1.2 వెర్షన్ దీనికి దారి చూపింది. ప్లగిన్ అనే ఏర్పాటు దానితోనే వచ్చింది. అందులోనే ‘హలో డాలీ’ అనే చిన్న ప్లగిన్ పెట్టి పంపారు. డ్యాష్‌బోర్డు మూలన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటలోని ఒక పాదం చూపించడమే దాని పని. ప్లగిన్ రాయడం ఎంత తేలికో కొత్తవాళ్లకు చూపడానికి అది బాగా పనికొచ్చింది. మనకు సంబంధించిన సంగతి ఇంకొకటి: వర్డ్‌ప్రెస్‌లోని మాటలను వేరే భాషల్లోకి మార్చుకునే వీలు కూడా ఆ 1.2తోనే వచ్చింది. ప్లగిన్‌కూ తెలుగుకూ ఒకేసారి తలుపు తెరుచుకుందన్నమాట.

లోపలి పనితనం చెప్పాలంటే మెట్ట ప్రాంతపు రైతులకు తెలిసిన ఉదాహరణే ఉంది. ట్రాక్టర్ వెనక మూడు చోట్ల తగిలించే బిగింపు ఉంటుంది. రోటవేటర్ ఏ కంపెనీదైనా, గొర్రు ఎవరు చేసిందైనా ఆ బిగింపుకు సరిపోతే చాలు, ఇంజన్ విప్పక్కరలేదు. వర్డ్‌ప్రెస్‌లో అలాంటి బిగింపులు వందలున్నాయి. వాటిని హుక్ అంటారు. పేజీ తయారవుతున్నప్పుడు ఒక్కో హుక్ దగ్గరా వర్డ్‌ప్రెస్ ఆగి, ఇక్కడ పని ఉందని ముందే పేరు రాయించుకున్న ప్లగిన్లను వరసగా పిలుస్తుంది. హుక్‌లు రెండు రకాలు. యాక్షన్ దగ్గర ప్లగిన్ తన పని చేసి వెళ్లిపోతుంది. వ్యాసం అచ్చవగానే చందాదారులకు మెయిల్ పంపడం అలాంటిది. ఫిల్టర్ దగ్గర మాత్రం వర్డ్‌ప్రెస్ ఒక సరుకు చేతికిస్తుంది, ఉదాహరణకు వ్యాసం మొత్తం. ప్లగిన్ దాన్ని మార్చి తిరిగి ఇవ్వాలి. ఇవ్వడం మరిచిపోయే ప్లగిన్ ఒక్కటి చేరితే చాలు, పేజీలో శీర్షిక మిగులుతుంది, వ్యాసం మాయమవుతుంది. కొత్తగా రాసేవాళ్లు తరచూ చేసే తప్పే ఇది.

ఈ పద్ధతిలో గమనించాల్సింది ఒకటుంది. పిలుపు అందుకున్న ప్లగిన్‌కు హద్దు లేదు. ఫొటోలు చూపించడానికి పెట్టుకున్నదైనా సరే, మీ సైట్ డేటాబేస్ మొత్తం చదవగలదు, మార్చగలదు. ప్లగిన్ పెట్టుకోవడమంటే దాన్ని రాసినవాడికి తాళాలన్నీ ఇవ్వడమే. 2008 డిసెంబరులో వచ్చిన 2.7 వెర్షన్ నుంచి డ్యాష్‌బోర్డులోనే వెతికి, ఒక్క నొక్కుతో ఇన్‌స్టాల్ చేసుకునే వీలొచ్చింది. ఆ వీలుతో పాటు తాళాలు ఇవ్వడమూ తేలికైపోయింది.

2017లో జరిగింది చూడండి. డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ సుమారు రెండు లక్షల సైట్లలో ఉండేది. రాసినవారు దాన్ని వేరొకరికి అమ్మేశారు. కొన్నవాళ్లు అప్‌డేట్ పేరుతో రహస్య కోడ్ చేర్చి, ఆ సైట్లలో తమ ప్రకటనల పేజీలు దూర్చారు. సైట్ యజమాని లాగిన్ అయి చూస్తే అవి కనబడకుండా కూడా జాగ్రత్తపడ్డారు. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీ వాళ్లు ఒకసారి తీసేయడం, సరిచేశామని చెప్పి మళ్లీ రావడం, మళ్లీ తీసేయడం, ఇలా చాలాసార్లు జరిగాక సెప్టెంబరులో శాశ్వతంగా తొలగించారు. దాని స్టార్లు, పాత పొగడ్తలు అన్నీ మొదటి యజమాని కాలానివి. అవేవీ కొత్త యజమాని గురించి చెప్పలేదు.

చెడ్డ ఉద్దేశం లేకుండా కూడా ప్రమాదం రావచ్చు. 2020 సెప్టెంబరులో ఏడు లక్షలకు పైగా సైట్లలో ఉన్న ఫైల్ మేనేజర్ ప్లగిన్‌లో పెద్ద రంధ్రం బయటపడింది. అది వాడుకున్న ఒక లైబ్రరీతో పాటు నమూనా ఫైలొకటి వచ్చింది. ఆ ఫైల్ దానంతట అది నడవకూడదని పేరు చివర వేరే తోక పెట్టి పంపారు. ప్లగిన్‌లో ఆ తోక తీసేశారు. అంతే, పాస్‌వర్డ్ అక్కర్లేకుండా బయటివాళ్లు సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించగలిగారు.

కాబట్టి డైరెక్టరీ పేజీలో నేను స్టార్ల కంటే ముందు చూసేవి వేరు. చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది? ఏ వర్డ్‌ప్రెస్ వెర్షన్ దాకా పరీక్షించారు? మూడు పెద్ద వెర్షన్లుగా పరీక్షించకపోతే డైరెక్టరీయే పైన హెచ్చరిక పట్టీ వేస్తుంది. అయితే ఈ వెర్షన్ నంబరు రాసుకునేది ప్లగిన్ రచయితే, డైరెక్టరీ కాదు. అందుకే సపోర్ట్ విభాగంలోకి వెళ్లి గత రెండు నెలల ప్రశ్నల్లో ఎన్నింటికి పరిష్కారం దొరికిందో చూడాలి. జవాబిచ్చే మనిషి ఉన్నాడా, విసుక్కుంటున్నాడా, పెయిడ్ వెర్షన్ కొనమని తోలేస్తున్నాడా అన్నది అక్కడ తెలిసిపోతుంది. డైరెక్టరీలోకి మొదటిసారి వచ్చేటప్పుడు ప్లగిన్ కోడ్‌ను అక్కడివాళ్లు చదువుతారు, కానీ తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌నూ అలా కూర్చుని చదవరు. ఇక పెయిడ్ ప్లగిన్ల కాపీలను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఉచితంగా ఇస్తామనే సైట్ల జోలికి అసలు వెళ్లకండి. డబ్బు లేకపోతే చిన్న ఉచిత ప్లగిన్‌తో సరిపెట్టుకోవడమే మేలు.

వర్డ్‌ప్రెస్ లాంటివే అయిన డ్రూపల్‌లో మాడ్యూల్ అన్నా, జూమ్లాలో ఎక్స్‌టెన్షన్ అన్నా ఇవే జాగ్రత్తలు.

తెలుగు సైట్‌కు మాత్రం ఇవి సగమే. మిగతా సగం ఏ డైరెక్టరీలోనూ రాసి ఉండదు, మనమే పరీక్షించుకోవాలి. ‘జంగారెడ్డిగూడెం’ అనే పేరు ఇందుకు చక్కగా పనికొస్తుంది. గుణింతాలు, సున్నలు, ఒత్తు అన్నీ ఉన్నాయి. యూనికోడ్ లెక్కలో ఇది 15 భాగాలు. ఒక్కో భాగానికి మూడు బైట్లు. వ్యాసం అడ్రసు, అంటే పర్మాలింక్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఊరి పేరుకే 135. పర్మాలింక్‌కు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200. ఈ ఊళ్లో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి కదా, ‘జంగారెడ్డిగూడెం పొగాకు వేలం’ అని శీర్షిక పెట్టి చూడండి. అడ్రసు ‘జంగారెడ్డిగూడెం-పొగాకు-వ’ దగ్గర తెగిపోతుంది. ‘వే’కు ఏత్వం కూడా మిగలదు. ఇది ప్లగిన్ల తప్పు కాదు, వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్న హద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పర్మాలింక్ మనమే టైపు చేసుకోవాలి, లేదా తెలుగు శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చే ప్లగిన్ పెట్టుకోవాలి.

తర్వాత, వ్యాసాల్లోంచి రెండేసి లైన్లు చూపించే ప్లగిన్. కొన్ని అక్షరాలను కాక బైట్లను లెక్కపెట్టి కోస్తాయి. మూడు బైట్ల మధ్య కత్తి పడితే చివర నల్ల డైమండులో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అది కనబడితే ఆ ప్లగిన్ వదిలేయండి. బిల్లులను పీడీఎఫ్‌గా ఇచ్చే ప్లగిన్‌తో ఇంకా పెద్ద చిక్కు. ఒత్తును అక్షరం కింద కూర్చోబెట్టడం తెలియని పీడీఎఫ్ లైబ్రరీ ‘జంగారెడ్‌డిగూడెం’ అని అచ్చు వేస్తుంది. ఎమ్‌పీడీఎఫ్ అనే లైబ్రరీకి మన ఒత్తులు తెలుసు, కాబట్టి లోపల ఏ లైబ్రరీ ఉందో అడిగి తీసుకోవడం మంచిది. స్క్రీన్ మీద బాగా కనబడింది కదా అని మోసపోవద్దు. స్క్రీన్ మీద ఆ పని చేసింది మన బ్రౌజర్.

బయటి సేవల మీద నడిచే ప్లగిన్‌ను ఇంకోసారి ఆలోచించి తీసుకోండి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పెట్టెలను సైట్లలో పెట్టుకునేందుకు గూగుల్ ఒక సేవ ఇచ్చేది. 2011లో దాన్ని ఇక ముందుకు తీసుకెళ్లబోమని ప్రకటించింది. అలాంటి సేవను నమ్ముకున్న ప్లగిన్‌ను ఎంత మంచి డెవలపరైనా ఒంటరిగా బతికించలేడు.

తెలుగు సైట్లు నడుపుతున్నవారికి నా మనవి ఒకటే. ప్లగిన్‌లో తెలుగు చెడితే దాన్ని తీసేసి ఊరుకోకండి. సపోర్ట్ విభాగంలో మామూలు ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి, స్క్రీన్‌షాట్ పెట్టి, చెడిన పదాన్ని తెలుగులోనే అతికించండి. ఎక్కడో జపానులోనో జర్మనీలోనో ఉన్న డెవలపర్‌కు మన ఒత్తు చెడిందని ఇంకెవరు చెబుతారు? వర్డ్‌ప్రెస్ అనువాదాల సైట్‌లో తెలుగు విభాగం ఉంది. ఖాతా తెరవడం ఉచితం, కోడ్ రానక్కర్లేదు. మీరు రోజూ వాడే ప్లగిన్ అక్కడ ఎంతవరకు తెలుగులోకి వచ్చిందో చూసి, మిగిలిన మాటల్లో మీకు చేతనైనన్ని పూర్తి చేయండి.