ఒక్క చేతికి లొంగు నావ

పడవ కొనదలచినవారు సాధారణముగ రెండు ప్రశ్నలు వేయుదురు. ఎంత పెద్దది? ఎంత వేగముగ పోవును? కాని ఒంటరిగనో, ఒక్క తోడుతోనో తెరచాపనెత్తి సముద్రము దాటదలచినవారికి మూడవ ప్రశ్నయే ముఖ్యము. అర్ధరాత్రి గాలివానలో, నిద్రలేక డస్సిన ఒక్క మనిషికి ఇది లొంగునా? ఇద్దరున్నను ఒకరు నిద్రించువేళ మేలుకొన్నవారు ఒంటరివారే కదా!

ఈ ప్రశ్నకు 1968నాటి గోల్డెన్ గ్లోబ్ పందెము చక్కని సమాధానమిచ్చినది. ఎచ్చటను ఆగక ఒంటరిగ భూమిని చుట్టి రావలెనని లండనులోని ‘సండే టైమ్స్’ పత్రిక పెట్టిన ఆ పందెమున తొమ్మండుగురు బయలుదేరిరి. గమ్యము చేరినవాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే. అతని పడవ ‘సుహైలీ’ మన బొంబాయిలో టేకుతో కట్టినది. పొడవు 32 అడుగులు. నిజమునకు అతడు కోరినది పెద్ద ఉక్కు నావ. ధనము సమకూడక, ఉన్న పడవతోనే 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవు విడిచి, 312 దినములకు, 1969 ఏప్రిల్ 22న మరల అచ్చటికే చేరెను.

సుహైలీ వేగము కలది కాదు. అయినను దాని అడుగున ముందునుండి వెనుకవరకు సాగిన దూలము పడవను దారి తప్పనీయదు. తనంత తాను చుక్కాని పట్టు యంత్రము నడిసముద్రమున విరిగిపోగా, చాపలను సరితూచి కట్టి అతడు నిద్రించెను. పడవ తన దారిన తాను సాగెను. రెండు స్తంభములుండుటచే చాపలు చిన్నవై ఒక్కనికి లొంగెను. పడవలోనికి నీరూరినపుడు అతడే సముద్రములో మునిగి అతుకు వేసెను. అది దోషములేని పడవ కాదు; దాని దోషములు ఒక్కడు దిద్దుకొనగలవి.

అదే పందెమున నైజెల్ టెట్లీ నడిపిన 40 అడుగుల విక్ట్రెస్ మూడు పొట్టల తేలిక పడవ. వేగమునకై త్వరపెట్టగా 1969 మే నెలలో అజోర్స్ దీవుల చేరువ అది ఛిన్నమైనది. అతడు ప్రాణములతో బయటపడెను.

పొడవు కొంచెము పెరిగినంతనే భారము మిక్కిలి పెరుగును. ఒకే ఆకారము గల పడవలలో 30 అడుగులది 40 అడుగులైనచో బరువు రెండింతలు దాటును. గాలి వేగము రెండింతలైనచో చాపపై దాని ఒత్తిడి నాలుగింతలగును. లంగరు, మోకు, చాప అన్నియు అందుకు తగినట్లు బరువెక్కును. మనిషి చేయి మాత్రము పెరుగదు.

అట్లని పెద్ద నావ కొద్దిమందికి అసాధ్యమనరాదు. మన నౌకాదళమునకు చెందిన 56 అడుగుల ‘తారిణి’ 2017–18లో ఆరుగురు స్త్రీలతో, నడుమ కొన్ని రేవులలో ఆగుచు, భూమిని చుట్టివచ్చినది. వారిలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉండిరి. అదే నావను 2024–25లో దిల్నా, రూప అను ఇద్దరే నడిపి భూమిని చుట్టిరి. దాని వెనుక ఏండ్ల తరబడి చేసిన సాధన కలదు. నేడు ముందు చాపను త్రాడు లాగి చుట్టివేయు సాధనములును, చుక్కాని పట్టు యంత్రములును కలవు. కాని అవి చెడినపుడు చేతితో ఆ పని జరుగునా అని ముందే చూచుకొనవలెను.

రేవులో కట్టిన పడవలన్నియు అందముగనే ఉండును. కావున కొనువారు గాలి గట్టిగ వీచు దినమున బయలుదేరి, తోడివారిని కదలక కూర్చుండుమని, తామొక్కరే చాపనెత్తి, దించి, లంగరు వేసి, తిరిగి తీసి చూడవలెను. అది చేయలేకపోయినచో, పడవ ఎంత గొప్పదైనను దానిని విడిచి అంతకంటె చిన్నదానిని వెదకుటయే మేలు.