కొత్త విండోస్, పాత డిస్కు

పోచంపల్లిలో మా బావగారికి చీరల దుకాణం ఉంది. వెనుక గదిలోని కంప్యూటర్‌లో లెక్కలతో పాటు ఇక్కత్ నమూనాలు కూడా ఉంటాయి. పూర్వం గళ్ల కాగితంపై గీసిన ఆకృతులను ఇప్పుడు తెరపై గీసి, ఏ గడికి ఏ రంగో గుర్తించి భద్రపరుస్తున్నారు. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు వేసి రంగులద్దుతారు గనుక, మగ్గం మీదికి వచ్చాక గడి తప్పిందని దిద్దుకునే వీలుండదు. ఆ నమూనాలలో చాలావరకు నేత కుటుంబాలు నమ్మి అప్పగించినవి. బావగారి వద్ద అవి అమానత్.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మరొక సంవత్సరం భద్రతా సవరణలు అందే ఏర్పాటు ఉంది గనుక, నిజానికి అంత తొందర అక్కరలేదు. అయినా డిగ్రీ చదివే మా మేనల్లుడు విండోస్ 11 ఎక్కించాలని పట్టుబట్టాడు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్‌కు అనువైన యూఈఎఫ్ఐ అవసరం. 2018 నాటి ఆ యంత్రంలో రెండూ ఉన్నాయి. కాని అది పాత పద్ధతిలో మొదలవుతోంది. కుర్రవాడు నేరుగా బూట్ సెట్టింగులలోకి వెళ్లి 'లెగసీ'ని 'యూఈఎఫ్ఐ'గా మార్చాడు. తెర నల్లబడి, ప్రారంభించడానికి డిస్కు ఏదీ లేదన్న సందేశం వచ్చింది.

డిస్కు ఎక్కడికీ పోలేదు. విద్యుత్తు అందగానే మొదట మేల్కొనేది విండోస్ కాదు, మదర్‌బోర్డులో ఉండే చిన్న ప్రోగ్రాం. పాత బయోస్ పద్ధతి ఎంబీఆర్ అనే పట్టికను చదివి విండోస్‌ను లేపుతుంది. కొత్త యూఈఎఫ్ఐకి సాధారణంగా జీపీటీ పట్టిక కావాలి. డిస్కు ఎంబీఆర్‌గానే ఉండగా సెట్టింగు మార్చితే ఆ రెంటికీ పొత్తు కుదరదు. తిరిగి 'లెగసీ' పెట్టగానే అంతా యథాస్థానానికి వస్తుంది. ఆ సంగతి తెలియక, మా వాడు పవర్ బటన్ నొక్కిపట్టి పదేపదే ఆర్పి వెలిగించాడు.

మీ కంప్యూటర్ ఏ పద్ధతిలో ఉందో తెలుసుకోవడం సులభం. 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్'లో 'బయోస్ మోడ్' అన్న వరుస చూడండి. 'డిస్క్ మేనేజ్‌మెంట్'లో డిస్కుపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'వాల్యూమ్స్' తెరిస్తే 'పార్టిషన్ స్టైల్' కనిపిస్తుంది. ఎంబీఆర్ అని ఉంటే, దానిలోని సమాచారం చెరపకుండానే జీపీటీగా మార్చే సాధనం విండోస్‌లోనే ఉంది. ముందు డిస్కును మార్చి, తరువాతనే బూట్ సెట్టింగు మార్చాలి. అనుభవం లేనివారు ఈ పని తెలిసినవారి చేత చేయించుకోవడమే మేలు. మా వాళ్లూ చివరికి అదే చేశారు, విండోస్ 11 వచ్చింది.

అసలు ముప్పు ఆ తరువాత మొదలైంది. ప్రతి ఉదయం కంప్యూటర్ తెరవగానే డిస్కును తనిఖీ చేస్తున్నట్టు సందేశం, దాటవేయడానికి ఏదైనా మీట నొక్కమని కొన్ని సెకన్ల గడువు. దుకాణంలో గిరాకీ ఎదురుచూస్తుంటే ఎవరికి ఓపిక? వారం రోజులు దాటవేశారు. ఎనిమిదవ రోజు ఒక నమూనా తెరుచుకోలేదు.

"మామూ, ఇది కొత్త విండోస్ దోషమే కదా?" అని ఫోన్ చేశాడు. కాదన్నాను. తనిఖీ దానంతట అదే మొదలవుతోందంటే, ఫైళ్ల అమరికలో లోపం ఉన్నట్టు విండోస్ గుర్తు పెట్టుకుందన్నమాట. యంత్రాన్ని అర్ధాంతరంగా ఆర్పినా అలా జరుగుతుంది, డిస్కే అరిగిపోతున్నా జరుగుతుంది. ఒకసారి తనిఖీ పూర్తయి మళ్లీ రాకపోతే చింత లేదు. మళ్లీ మళ్లీ వస్తుంటే డిస్కును అనుమానించాలి.

అటువంటప్పుడు చాలామంది వెంటనే చెడిన భాగాలను వెదికే సుదీర్ఘ తనిఖీకి పూనుకుంటారు. నేను వద్దంటాను. గంటల తరబడి సాగే ఆ పని బలహీనపడిన డిస్కుకు ఇంకా భారం. ముందు ఫైళ్లన్నీ వేరొక డిస్కులోకి ఎక్కించుకోవాలి, తనిఖీ తరువాత. డిస్కు తన ఆరోగ్యాన్ని 'స్మార్ట్' అనే నివేదికలో నమోదు చేసుకుంటుంది, దానిని చూపే ఉచిత ప్రోగ్రాములున్నాయి. మా వాడు ఫైళ్లన్నీ ఎక్కించుకున్నాక చూపిస్తే, చెడిపోయి మార్చబడిన సెక్టార్ల సంఖ్య రెండు రోజుల్లోనే పెరిగింది. ఇక మరమ్మతు ప్రస్తావన లేదు. ఎస్ఎస్‌డీ కొన్నాం.

మరొక్క మాట. కొత్త కంప్యూటర్లలో అనేకం డిస్కును తమంతట తామే గుప్తీకరించుకుంటున్నాయి. వాటిలో బూట్ సెట్టింగులు ముట్టుకుంటే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే ఇంటి పత్రాలు, పిల్లల ఫోటోలు ఉన్నా లేనట్టే. సెట్టింగు మార్చే ముందే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి, కీని కాగితంపై రాసుకోండి. మా అక్కయ్య దానిని రేషన్ కార్డు ఉండే పెట్టెలోనే పెట్టింది.

ఫైళ్లన్నీ దక్కాయి, ఆ ఒక్క నమూనా తప్ప. నేసిన కుటుంబం వద్ద మిగిలిన చీర ముక్కను ఎదుట పెట్టుకుని, మా మేనల్లుడు మూడు రాత్రులు గడులు లెక్కించి దానిని మళ్లీ గీశాడు.