ఈరీ సరస్సుకు కాపలా కాసే యంత్రం

2014 ఆగస్టు 2న అమెరికాలోని టొలీడో నగరంలో జనానికి ఒక హెచ్చరిక అందింది: కుళాయి నీళ్లు తాగొద్దు, కాచి కూడా తాగొద్దు. ఊరికి నీళ్లిచ్చే ఈరీ సరస్సులో మైక్రోసిస్టిస్ అనే నాచు పెరిగి, కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని నీళ్లలో కలిపింది. మరిగిస్తే ఆ విషం విరగదు సరికదా, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నాలుగు లక్షల మందికి పైగా రెండు రోజులపాటు సీసా నీళ్లే దిక్కయ్యాయి. ఇలాంటి నాచును ఆకాశం నుంచి గుర్తుపట్టడంలో ఆరితేరిన మెరిస్ అనే పరికరం మూగబోయి అప్పటికి రెండేళ్లు దాటింది. టొలీడో కష్టానికి ఆ లోటే కారణమని నేననను. మోడిస్ అనే మరో పరికరం సరస్సును చూస్తూనే ఉంది. కానీ ఇలాంటి యంత్రం విలువ దాని కటకాల్లో కన్నా, దాని డేటా రోజూ తెగకుండా, అడ్డు లేకుండా చేతికందడంలోనే ఎక్కువగా ఉందని దీని చరిత్ర చెబుతోంది.

నీటి రంగును బట్టి అందులోని పత్రహరితాన్ని అంతరిక్షం నుంచి కొలవవచ్చని 1978లో నింబస్-7 ఉపగ్రహం మీది పరికరం రుజువు చేసింది. 2002 మార్చి 1న ఎన్విశాట్ ఉపగ్రహంతో వెళ్లిన మెరిస్‌కు 15 బ్యాండ్లు, అంటే వెలుగును విడివిడిగా కొలిచే రంగు పట్టీలు, ఉన్నాయి. వాటిలో మనకు కావలసినవి మూడు: 665, 681, 709 నానోమీటర్లు. మామూలు నాచులో పత్రహరితం 681 దగ్గర తానే సన్నగా వెలుగుతుంది. మైక్రోసిస్టిస్ జాతిలో (నాచు అంటున్నాం గానీ ఇవి నిజానికి బాక్టీరియా) ఆ వెలుగు చాలా తక్కువ. అందుకే 665 నుంచి 709కి ఒక గీత గీస్తే, 681 విలువ ఆ గీత కిందికి కుంగుతుంది. ఎంత లోతుగా కుంగితే నాచు అంత దట్టమన్నమాట. మోడిస్‌కు 709 బ్యాండే లేదు.

ఇంత చక్కటి చూపున్నా, ఒక్కో చుక్క 300 మీటర్లుండే మెరిస్ చిత్రాలు అన్నిచోట్లా నిత్యం భూమికి దిగేవి కావు; ప్రపంచమంతటికీ క్రమం తప్పకుండా దక్కినవి సుమారు 1,200 మీటర్లవి. 2016లో సెంటినెల్-3ఏ, 2018లో 3బీ ఉపగ్రహాలు వచ్చాక పరిస్థితి మారింది. వాటి మీది ఓల్సీ పరికరానికి 21 బ్యాండ్లు, ఆ మూడూ అందులో ఉన్నాయి. పేరు నమోదు చేసుకున్న ఎవరైనా ఉపగ్రహం దాటిన కొద్ది గంటల్లోనే దాని డేటా ఫైలును ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మబ్బును, నేలను తీసేసి పై లెక్క కడితే సరస్సు పటం సిద్ధం. అమెరికాలో రెండు వేలకు పైగా సరస్సుల పటాలు ఇలాగే తయారవుతున్నాయి. మన సముద్రాల మీద నాచు సమాచారాన్ని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కూడా ఉపగ్రహాల డేటాతోనే అందిస్తోంది.

ఉపగ్రహానికి విషం కనబడదు కదా అని అడగవచ్చు. నిజమే, మైక్రోసిస్టిన్‌కు రంగు లేదు. దాన్ని ప్రయోగశాలే తేల్చాలి. కానీ పాతిక వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న ఈరీలో నమూనా సీసా ఎక్కడ ముంచాలి? ఆ జవాబు పటం ఇస్తుంది. మబ్బు పడితే పటం ఖాళీయే. అందుకే ఒకటికి రెండు ఉపగ్రహాలు, ఇవాళ తప్పినది రేపు దొరకవచ్చు. చిన్న చెరువులకు 300 మీటర్లు మరీ ముతక అన్న మాటను మాత్రం ఒప్పుకోవాలి. 10, 20 మీటర్ల వివరం దాకా చూసే సెంటినెల్-2 అక్కడ కొంత ఆదుకుంటుంది గానీ, దానికి 681 లేదు. 2024లో ఎగిరిన పేస్ ఉపగ్రహానికి ఎన్నో రంగులు తెలుసు, చూపు మాత్రం కిలోమీటరు స్థాయిది. కాబట్టి ఈరీ లాంటి సరస్సులకు ఓల్సీ వారసుల్ని ముందే సిద్ధం చేయడం దుబారా కాదు: 2012 నుంచి 2016 దాకా రాని 709 బ్యాండ్ డేటాను ఇప్పుడు ఎంత ఖర్చు పెట్టినా డౌన్‌లోడ్ చేసుకోలేం.