అచ్చం నా సంతకమే, కానీ నేను పెట్టలేదు

ఈసారి వంట సంగతి కాదు, ఒక కాగితం సంగతి రాస్తున్నాను. ఊళ్లో నాన్న పేరు మీద ఇల్లో, స్థలమో ఉన్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు కదా. కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి.

కిందటేడు ఒక శుక్రవారం నైట్ డ్యూటీ దిగి, కువైట్‌లోని మా రూముకొచ్చి ఫోన్ చూస్తే తమ్ముడి దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చి ఉంది. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని జిరాక్సు. భీమవరం దగ్గర మా నాన్నగారి ఇంటి స్థలంలో నా వాటా వద్దని నేనే ఇష్టపూర్తిగా రాసిచ్చినట్టు ఉంది. కింద నా సంతకం. "కొనేవాళ్లు వచ్చారక్కా, ఫోన్ చేస్తే సరేనని ఒక్క మాట చెప్పు" అని మెసేజ్.

నిజం చెప్పాలంటే నాకే అనుమానం వచ్చింది, ఎప్పుడైనా పెట్టానేమోనని. అక్షరాల వంపు, చివర కింద గీసే గీత, అన్నీ నావే. కానీ కాగితం మీద తేదీ చూస్తే ఆ నెలంతా నేను ఇక్కడే డ్యూటీలో ఉన్నాను. పాస్‌పోర్టు మీద ముద్రలే సాక్ష్యం.

మరి ఆ సంతకం ఎక్కడిది? పాత వాట్సాప్ మెసేజ్‌లన్నీ వెతికాను. నాన్న పోయిన కొత్తలో బ్యాంకు పని కోసం ఒక లెటర్ మీద సంతకం చేసి ఫొటో తీసి ఇంటికి పంపాను. ఆ ఫొటో, ఈ జిరాక్సు రెండూ సంతకం ఒకే సైజులో వచ్చేలా ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ రోజు పెన్ను ఒకచోట సరిగ్గా పడక చిన్న ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ కూడా ఇక్కడ అలాగే ఉంది!

ఇదే నేను మీకు చెప్పాలనుకున్నది. సంతకం మనదిలా లేకపోతేనే దొంగది అనుకుంటాం. కానీ మరీ అచ్చుగుద్దినట్టు ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి. మీరే పది సంతకాలు పెట్టి చూడండి, ఏ రెండూ ఒక్కలా రావు.

ఇది కొత్త విషయమేం కాదు. అమెరికాలో సిల్వియా ఆన్ హౌలాండ్ అనే ధనవంతురాలు 1865లో చనిపోయాక ఆవిడ వీలునామా మీద పెద్ద కేసు నడిచింది. ఆవిడ తోబుట్టువు కూతురు హెట్టీ చూపించిన కాగితం మీది సంతకం, అసలు వీలునామా మీది సంతకంతో గీత గీతా కలిసింది. హార్వర్డ్‌లో లెక్కల ప్రొఫెసర్ బెంజమిన్ పియర్స్, ఆయన కొడుకు కలిసి ఆవిడవే 42 సంతకాలు తెచ్చి, ఒక్కోదాన్ని మిగతావాటితో పోల్చారు. సంతకంలో పైనుంచి కిందికి దిగే గీతలు 30. మామూలుగా ఐదింటిలో ఒకటే కలుస్తోంది. ముప్పైకి ముప్పై కలవడం దాదాపు జరగని పని అని ఆయన సాక్ష్యం చెప్పారు. కోర్టు చివరికి వేరే చట్టం పాయింటు మీద తీర్పిచ్చింది గానీ, ఆ లెక్క మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఫోన్లో పెద్దది చేసి ఇంకేం చూడొచ్చంటే:

సంతకం చుట్టూ తెల్లగా మచ్చలా ఉందా? కింద అచ్చు గీత ఉంటే అది సంతకం దగ్గర తెగిపోయిందా? అక్షరాలు మసగ్గా ఉండి సంతకం ఒక్కటే పదునుగా, లేదా అటుదిటుగా ఉందా? కాగితం మడత, నీడ అంతటా పడి సంతకం మీద పడలేదా?

కానీ వీటిని బట్టి వెంటనే తేల్చేయకండి. వాట్సాప్ ఫొటోని కుదిస్తుంది, దానివల్ల కూడా అక్షరాల చుట్టూ మరకలు వస్తాయి. అందుకే "డాక్యుమెంట్‌గా పంపు" అని అడగండి. ఇంకోటి, అతికించిన కాగితాన్ని ప్రింటు తీసి మళ్లీ జిరాక్సు తీస్తే ఈ గుర్తులు చాలావరకు పోతాయి. పెన్ను ఒత్తిడి, ఇంకు, కాగితం మీద పడిన గాడి అసలు కాగితం మీదే తెలుస్తాయి. నిపుణులు కూడా అసలుదీ, ఆ కాలంలో మీరు పెట్టిన వేరే సంతకాలూ అడుగుతారు. కాబట్టి అన్నిటికంటే ముందు అడగాల్సిన మాట ఒక్కటే: "అసలు కాగితం చూపించు."

అది వచ్చేలోపు మీరు చేయాల్సినవి ఉన్నాయి. ఫోన్లో "సరే" అనకండి, అది నా సంతకం కాదని రాసి పంపండి. వచ్చిన ఫొటో, మెసేజ్ చెరిపేయకండి. స్థలంలో హక్కు వదులుకునే దస్తావేజు రిజిస్టర్ కావాల్సిందే, అక్కడ ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. అందుకని ఈసీ తీయించి ఏమైనా రిజిస్టర్ అయిందేమో చూసుకోండి. అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోండి. ఫోర్జరీ నేరం కాబట్టి లాయరు నోటీసు, పోలీసు ఫిర్యాదు దారులు ఎలాగూ ఉన్నాయి.

ఇక ముందు జాగ్రత్త. తెల్ల కాగితం మీద ఒట్టి సంతకం ఫొటో ఎవరికీ పంపొద్దు, సొంతవాళ్లకైనా సరే. పంపక తప్పకపోతే సంతకాన్ని తాకేలా తేదీ, ఏ పనికో రాయండి. అప్పుడు కత్తిరించడం కష్టం. ఆస్తి పనికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఎంబసీకి వెళ్లి అక్కడే సంతకం చేయండి.

నేను అసలు కాగితం అడిగాను. ఇవాళ, రేపు అన్నారు. మూడు వారాలైనా రాలేదు. కొనేవాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. ఎవరు అతికించారో ఇక్కడ రాయను. కేసు కూడా పెట్టలేదు, అమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

తర్వాత ఓ రోజు తమ్ముడు ఫోన్ చేసి, "నువ్వెలాగూ వద్దంటావనుకున్నానక్కా" అన్నాడు.

"అడిగుంటే ఇచ్చేదాన్నేమో రా" అన్నాను. అటునుంచి మాట లేదు. కాసేపటికి అమ్మకి ఫోనిచ్చాడు.