క్వార్టర్ దిగేదెప్పుడు?

గోదావరిఖని బొగ్గు బాయిల్లో ఫస్ట్ షిఫ్ట్ ఉదయం 7 గంటలకు మొదలవుతుంది. రాత్రి ఒక్క క్వార్టరే కదా, పొద్దున నిమ్మరసం తాగితే దిగిపోతుందన్న ధీమా కార్మిక వాడల్లో మామూలే.

లెక్క చూస్తే ఆ ధీమా నిలవదు. 180 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం గంటకు కరిగించేది సుమారు 7 నుంచి 10 గ్రాములే. రాత్రి 11కి సీసా ఖాళీ చేస్తే, కొందరికి మస్టర్ పడే వేళకూ రక్తంలో మత్తు మిగిలే ఉంటుంది. బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం నిద్రమబ్బు వదిలిస్తాయేమో గానీ కాలేయాన్ని తొందరపెట్టలేవు. బాయిలో పైకప్పు బండ చిన్నగా చిటపటలాడినా చెవిన పడాలి. పడకపోతే పక్కవాడి ప్రాణానికీ ముప్పే.

మందు తాగితే ఊపిరితిత్తుల్లోని బొగ్గు దుమ్ము కడుక్కుపోతుందన్న నమ్మకం మరీ బాధాకరం. తాగింది పోయేది కడుపులోకి. దుమ్ము పేరుకునేది ఊపిరితిత్తుల గాలిగదుల్లో. దాన్ని అడ్డుకునేది నీళ్లు చల్లడం, మంచి గాలి ఆడించడం, మాస్కు కట్టుకోవడం.

పొద్దున్నే మరో పెగ్గు వేస్తే తలనొప్పి తగ్గదు, వాయిదా పడుతుందంతే. రోజూ తాగేవాళ్లు ఆ నొప్పికి పారాసెటమాల్ ఎక్కువగా మింగితే కాలేయమే దెబ్బతింటుంది.