చేత్తో చెక్కిన మాండలిన్‌కి లక్షలెందుకు?

ఆన్‌లైన్‌లో మాండలిన్ అని వెతికి చూడండి. ఐదారు వేలకూ దొరుకుతుంది, ఐదారు లక్షలకూ దొరుకుతుంది. ఫొటోలో చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అవే ఎనిమిది తీగలు, అదే పొట్ట, అదే మెరుపు. మరి అంత తేడా దేనికి? పేరుకా, పాలిష్‌కా, లేక నిజంగా చెవికి తెలిసేదేమైనా ఉందా?

పగలు కోడ్ రాసుకుని, రాత్రి మాండలిన్ పట్టుకునే నాలాంటివాళ్లకి ఇదేం కాలక్షేపం ప్రశ్న కాదు. జీతంలోంచి నెలనెలా పక్కన పెట్టే డబ్బు సంగతి!

చెక్క చెప్పినట్టు వినదు

చవక మాండలిన్‌లో పై చెక్క చాలాసార్లు ప్లైవుడ్. పల్చటి పొరలు అతికించి, అచ్చులో నొక్కి ఆకారం తెస్తారు. గట్టిగా ఉంటుంది, ఎండకీ వానకీ తట్టుకుంటుంది. కానీ పొరలూ జిగురూ కలిసి బిగుసుకుపోవడంతో తీగ కదలికకి తేలిగ్గా ఊగదు.

చేత్తో చేసేవాళ్లు వేరే దారిలో వెళ్తారు. పై భాగానికి చలి ప్రాంతాల్లో పెరిగే స్ప్రూస్, వెనక భాగానికి మేపుల్ తీసుకుంటారు. ఒకే దిమ్మని రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పెట్టి అతికిస్తారు. ఆ మందపాటి పలకని బయటివైపు ఉబ్బుగా, లోపలివైపు గుంటగా చెక్కుతూ పోతారు. చివరికి మిగిలేది కొన్ని మిల్లీమీటర్లే. మధ్యలో కాస్త మందం, అంచులవైపు పల్చన.

అసలు పని ఇక్కడే ఉంది. ఏ రెండు చెక్కలూ ఒకలా ఉండవు. ఒకటి బిరుసు, ఒకటి మెత్తన. మన కోడ్‌లో ఒకసారి సరిపోయిన విలువ కాపీ చేసుకుంటే ఎక్కడైనా పనిచేస్తుంది. చెక్క దగ్గర ఆ పప్పులుడకవు. అందుకే చేసేవాళ్లు వేలితో తట్టి వింటారు, రెండు చేతులతో కొద్దిగా వంచి చూస్తారు, ఒక పొర తీసి మళ్లీ తడతారు. ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి. ఒక్క పొర ఎక్కువ తీస్తే వెనక్కి వెళ్లడానికి అండూ బటన్ లేదు.

ఈమధ్య మంచి వర్క్‌షాపుల్లో కూడా మొదటి మోటు పనికి సీఎన్‌సీ యంత్రాలు వాడుతున్నారు. అందులో తప్పేం లేదు. ఆ చివరి కొంచెం ఎవరు, ఎంత ఓపిగ్గా తీశారన్నదే ముఖ్యం. మనం డబ్బిచ్చేది ఆ ఓపికకే.

వందేళ్ల కిందటి సంతకం

మాండలిన్ ప్రియులు కలలు కనే మోడల్ ఒకటుంది. గిబ్సన్ ఎఫ్-5. అమెరికాలోని కలమజూ ఫ్యాక్టరీలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో 1922లో తయారీ మొదలైంది. వయొలిన్‌కి ఉన్నట్టు పై చెక్కకి రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు, పొడవైన మెడ, లోపల స్వరానికి తగ్గట్టు సర్దిన పట్టీలు. లోపలి లేబుల్ మీద లోర్ సంతకం, తేదీ ఉంటాయి.

తమాషా ఏంటంటే, అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. మాండలిన్ మోజు అప్పటికే తగ్గిపోతోంది. 1924 చివరికల్లా లోర్ కంపెనీ వదిలేశారు. ఇవాళ ఆ సంతకమున్న ఎఫ్-5 ధర లక్ష డాలర్లు దాటుతుంది.

వాటిలో బాగా పేరున్నది 1923 జులై 9 తేదీ వేసి ఉన్నది. దాన్ని బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో 1940ల్లో మయామీలో ఒక మంగలి షాపులో చూసి కొనుక్కున్నారు. అద్దాల పెట్టెలో దాచలేదు. దశాబ్దాల పాటు ఊరూరా తిప్పి వాయించారు. 1985లో ఎవరో ఆయన ఇంట్లో చొరబడి దాన్ని ఇనుప ఊచతో ముక్కలు ముక్కలు చేశారు. గిబ్సన్ నిపుణుడు చార్లీ డెరింగ్టన్ నెలల తరబడి కూర్చుని ఆ పేళ్లన్నీ ఒక్కోటిగా అతికించారు. మన్రో మళ్లీ అదే పట్టుకుని స్టేజీ ఎక్కారు! ఇప్పుడది నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది.

సుడికెంత, శబ్దానికెంత?

ఎఫ్ మోడల్‌కి భుజం దగ్గర నత్తగుల్లలాంటి సుడి ఉంటుంది. చూడ్డానికి అదిరిపోతుంది. కానీ స్వరంలో దాని పాత్ర దాదాపు శూన్యం. చెక్కడానికి మాత్రం చాలా పని. అదే చెక్క, అదే చేయి ఉన్నా సుడి లేని 'ఏ' మోడల్ బాగా తక్కువకి వస్తుంది. బడ్జెట్ గట్టిగా ఉంటే 'ఏ' మోడల్ తీసుకోండి. మిగిలిన డబ్బు మంచి చెక్కకి, మంచి పనికి పెట్టండి.

కొనేముందు ఎఫ్ రంధ్రం అంచుని దగ్గరగా చూడండి. శాండ్‌విచ్‌లా పొరలు కనిపిస్తే ప్లైవుడ్. పైన కనిపించే గీతలు అంచులోకి కూడా తిన్నగా దిగితే నిండు చెక్క. 'హ్యాండ్‌మేడ్' అన్న స్టిక్కర్ కంటే ఇదే నమ్మకమైన సాక్ష్యం.

మరి మన శ్రీనివాస్?

తెలుగువాళ్లకి మాండలిన్ అంటే పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాసే. ఆయన చేతిలో ఉన్నది ఇలా చెక్కిన వాద్యం కాదు, ఎలక్ట్రిక్ మాండలిన్. మామూలు మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి, మీటిన నాదం త్వరగా ఆగిపోతుంది. కర్ణాటక సంగీతానికేమో స్వరం సాగాలి, గమకం ఊగాలి. అందుకే ఆయన జంటలు వదిలేసి ఐదు విడి తీగలు పెట్టుకున్నారు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయినా, ఆ వాద్యం మన కచేరీలో నిలబడిపోయింది.

కాబట్టి మీకు కావాల్సింది కీర్తనలైతే, లక్షలు పోసి స్ప్రూస్ చెక్క కొనడం దండగ. వాద్యం గొప్పదా కాదా అనే ముందు, మీరు వాయించే సంగీతానికి సరిపోతుందా అని చూడాలి.

కొన్నాక ఇంకో సంగతి. నిండు చెక్కకి 40-50 శాతం తేమ హాయిగా ఉంటుంది. రోజంతా ఏసీ గదిలో బయటపెడితే ఎండి పగలొచ్చు. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే జిగురు మెత్తబడొచ్చు. వాయించనప్పుడు కేస్‌లో పెట్టి, తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి పక్కన ఉంచండి. కొన్ని వందల్లో వస్తుంది.

ఇక ఈఎంఐ లెక్కలోకి దిగేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ఇప్పుడున్న మాండలిన్‌ని వారంలో ఎన్ని గంటలు తీస్తున్నారు? జవాబు ఏడెనిమిది గంటలైతే మంచిది కొనుక్కోండి, తేడా మీ చెవికే తెలుస్తుంది. అరగంటే అయితే ప్రస్తుతానికి కొత్త తీగలు మార్పించుకోండి చాలు.