నల్లార్బర్ దారిలో ఒక పగలు

ఆస్ట్రేలియా దక్షిణ తీరానికి సమీపంగా సాగే ఐర్ హైవే, వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని నార్స్‌మన్ దగ్గర మొదలై సౌత్ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టా దాకా సుమారు 1,660 కిలోమీటర్లు ఉంటుంది. పెర్త్ నుంచి అడిలైడ్‌కు రోడ్డు మీద వెళ్లే వాళ్లంతా దాదాపుగా పట్టేది ఈ దారే. మధ్యలో నల్లార్బర్ మైదానం. దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి నేల అది. వాన కురిసినా నీళ్లు నిలవవు, రాతి పగుళ్లలోంచి లోపలి గుహల్లోకి దిగిపోతాయి. అందుకే అక్కడ వాగులు లేవు, ఊళ్లు కూడా లేనట్టే.

ఈ హైవేకు ఎవరి పేరు పెట్టారో ఆ అన్వేషకుడు ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1841లో తూర్పు నుంచి పడమరకు నడిచాడు. సహచరుడు జాన్ బాక్స్‌టర్ దారిలోనే హత్యకు గురయ్యాడు. చివరిదాకా ఐర్ వెంట నిలిచినవాడు వైలీ అనే ఆదివాసీ యువకుడు. తీరపు ఇసుక దిబ్బల్లో ఎక్కడ తవ్వితే మంచినీళ్లు పడతాయో చూపి ఆ బృందాన్ని బతికించింది స్థానిక ఆదివాసీలే. హైవే పేరులో వాళ్ల ఊసు లేకపోవడం న్యాయం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941–42లో ఇక్కడ మట్టిరోడ్డు వేశారు. మొత్తం దారికి తారు పడేసరికి 1976 వచ్చింది.

టెంటుతోనో క్యాంపర్ వ్యాన్‌తోనో వెళ్లేవాళ్లు సాధారణంగా నార్స్‌మన్‌లో రాత్రి ఆగి, పొద్దున బయల్దేరతారు. అక్కడి నుంచి బల్లడోనియా సుమారు 190 కిలోమీటర్లు, ఆ తర్వాత కైగూనా 182, కాకిల్‌బిడ్డీ 65, మదూరా 92, ముండ్రబిల్లా 116, యూక్లా 66. పేర్లు చూసి ఊళ్లనుకుంటారు గానీ వీటిలో చాలావరకు ఒక్కో రోడ్‌హౌస్ మాత్రమే. పెట్రోల్ బంకు, భోజనం, నాలుగు గదులు, టెంటు వేసుకునే జాగా అన్నీ అక్కడే. ట్యాంకు సగం ఉన్నా ప్రతి బంకులోనూ నింపుకోవడం మంచిది. ఎదురుగాలి వీస్తే ఎత్తయిన వ్యాన్ లెక్కకు మించి తాగుతుంది. పెట్రోల్ ఖరీదెక్కువే అయినా దొరుకుతుంది, మంచినీళ్లకు ఆ భరోసా లేదు. తాగడానికి, వంటకు, గిన్నెలకు కావలసినన్ని నీళ్లు వెంట ఉండాల్సిందే.

బల్లడోనియా దాటాక దారి మలుపన్నదే ఎరగదు. కైగూనా దాకా 146.6 కిలోమీటర్లు ఒకే గీతలా సాగుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా స్టీరింగు తిప్పాల్సిన పని లేకుండా పోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇక్కడ డ్రైవరుకు అసలు శత్రువు విసుగు. కళ్లు తెరిచే ఉన్నా మనసు దారి మీద నిలవదు. రెండు గంటలకోసారి ఆగి, బండి దిగి నడవాలని అక్కడి రోడ్డు భద్రతా అధికారులు పదేపదే చెప్పేది ఇందుకే. వేగ పరిమితి గంటకు 110 కిలోమీటర్లు. మనలాగే ఎడమవైపు నడపడమే కనుక తెలుగువాళ్లకు ఆ తడబాటు ఉండదు.

అయితే 36.5 మీటర్ల పొడవుండే రోడ్ ట్రైన్లు, అంటే ఒకటికి మించి ట్రెయిలర్లను లాగే లారీలు, మాత్రం కొత్తే. ఎదురుగా వచ్చి దాటిపోయేటప్పుడు గాలి తోపుకు వ్యాన్ పక్కకు ఊగుతుంది. రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి తిన్నగా పోవాలి తప్ప, బెదిరి కంకర అంచు మీదికి దింపకూడదు. వాటిని దాటి ముందుకెళ్లాలంటే చాలా దూరం ఖాళీ రోడ్డు కనబడాలి. మధ్యమధ్య తారు మీద వెడల్పాటి తెల్ల చారలు కనిపిస్తాయి. రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ వైద్య విమానాలు అత్యవసరంలో రోడ్డు మీదే దిగే చోట్లవి.

ఈ దారిలో రోజుకు ఎంత దూరం అన్నది బండిని బట్టి కాదు, వెలుగును బట్టి నిర్ణయించుకోవాలి. కంగారూలు ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దు గుంకే వేళ మేతకు కదులుతాయి. ఈమూలు, ఒంటెలు కూడా అడ్డం రావచ్చు. ఏ జంతువు ఎదురొచ్చినా గట్టిగా బ్రేకు వేయాలే గానీ పక్కకు తిప్పకూడదు. పైబరువున్న క్యాంపర్ వ్యాన్ అలా తిప్పితేనే బోల్తా కొడుతుంది. చీకటి పడ్డాక పట్టణాల బయట నడపకూడదని చాలా అద్దె ఒప్పందాల్లో షరతు ఉంటుంది కూడా.

జూన్, జూలై అక్కడ చలికాలం, పగలు దాదాపు పది గంటలే. తూర్పుకు పోతుంటే పొద్దుటి ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది కనుక సూర్యుడు కాస్త పైకెక్కాక, ఎనిమిదికి బయల్దేరారనుకుందాం. యూక్లా 711 కిలోమీటర్లు. సగటున 95 వేగంతో ఏడున్నర గంటలు, ఆగే చోట్లకు మరో రెండు గంటలు. అంటే సాయంత్రం అయిదున్నర. పైగా కైగూనా దగ్గర గడియారం 45 నిమిషాలు ముందుకు జరపాలి. అధికారిక గుర్తింపు లేకపోయినా ఆ నాలుగైదు రోడ్‌హౌస్‌ల జనం పాటించే సమయం అది. దాంతో చేరేసరికి ఆరుంపావు అవుతుంది, సూర్యాస్తమయమేమో అయిదు దాటిన కాసేపటికే. చివరి గంట చీకట్లో, జంతువుల మధ్య నడపాలన్నమాట. అదే 529 కిలోమీటర్ల దూరంలోని మదూరాలో ఆగితే నాలుగున్నర లోపే చేరవచ్చు. ఈ ఒక్క లెక్క వేసుకోకుండా బయల్దేరడం దుస్సాహసం.

వేసవిలో పగలు పద్నాలుగు గంటలుంటుంది గానీ వేడి భయంకరం. 2019 డిసెంబరు 19న నల్లార్బర్‌లో 49.9 డిగ్రీలు నమోదైంది.

మదూరా దగ్గర దారి హాంప్టన్ పీఠభూమి అంచు నుంచి కిందికి దిగుతుంది. రోజంతా చదును చూసిన కళ్లకు, కింద రో మైదానం ఒక్కసారిగా పరుచుకోవడం గొప్ప దృశ్యం. వెలుగుండగానే టెంటు వేసుకోవడానికి మరో కారణం నేల. పైన పలుచటి మట్టి, కింద రాయి. ప్లాస్టిక్ మేకులు విరిగిపోతాయి, లావాటి ఉక్కు మేకులు, సుత్తి కావాలి. చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత సున్నా దాకా పడిపోవచ్చు. నిప్పు రాజేయడంపై నిషేధం ఉన్న రోజుల్లో బయట ఏ పొయ్యి వాడొచ్చో ముందే కనుక్కోవాలి.

సామానులో ఇంకొక లెక్క ఉంది. సౌత్ ఆస్ట్రేలియాలోకి పండు ఈగ రాకుండా తూర్పుకు వెళ్లే బండ్లను సెడ్యూనా దగ్గర తనిఖీ చేస్తారు. టమాటా, పచ్చిమిర్చి, వంకాయ, మామిడి, నిమ్మ లాంటివి పచ్చివి దాటనివ్వరు, దాచితే జరిమానా. పెర్త్ నుంచి బయల్దేరే తెలుగు కుటుంబాలు వాటిని మదూరాలోనే వండేసుకోవడం మేలు. పడమరకు వచ్చేవాళ్లకు ఇలాంటి తనిఖీ రాష్ట్ర సరిహద్దులోని బోర్డర్ విలేజ్‌లో ఉంటుంది, అక్కడ తేనె కూడా వదులుకోవాలి.